వెలోరిన్ పేరున ఎత్తిన గ్లాసు

"ఈ సాయంత్రమే డాక్టర్ ఆంబ్రోస్‌ని లేపేస్తారు. క్లబ్బులోనే, విషం పెట్టి," అన్నాడు చీఫ్ ప్రెస్కాట్. "విదేశీ ముఠా. పెట్టేదెవరో తెలీదు. ఇదీ విషయం."

"విషయం కాదు సార్, విషమయం," అన్నాడు ఏజెంట్ పార్జెటర్.

చీఫ్ నవ్వలేదు. "క్షిపణి ఫార్ములా ఆ ముసలాయన బుర్రలోనే ఉంది. ఆయన పోతే నువ్వూ ఇటు రాకు."

ఆ క్లబ్బంటే ఆక్స్‌ఫర్డ్‌లో ఓ పబ్బు మేడగది. కథల్లో ఉండే మొనదేలిన చెవుల ఎల్ఫుల కోసం ఎవరో ప్రొఫెసర్ తీరిగ్గా ఓ భాష కల్పించి, వాళ్లలో జాతికో పేరు పెట్టి పోయాడు. క్లబ్బు సభ్యులు తలా ఓ జాతిలో చేరిపోయారు. ఆంబ్రోస్‌ది తారిమెల్, అంటే వెన్నెల చూసినవారు. జనం దండిగా ఉన్న జాతి. పార్జెటర్‌ది వెలోరిన్. పడవ తప్పి ఒడ్డున మిగిలినవారు. నాలుగేళ్లుగా అందులో అతనొక్కడే; వారు కాదు, వాడు.

అతని మారువేషం రబ్బరు చెవులు. కోటు గుండీలో కెమెరా. గూఢచారంటే గూడు లేని సంచారి అని జోకేసుకునేవాడు. నవ్వడానికి ఇంట్లో రెండో మనిషి లేదు. అలాంటిది ఈ వసంతంలో డిపార్ట్‌మెంటే అతనికి తోడు ఏజెంటుగా వెరీనాని పంపింది. అందగత్తె. ఎల్ఫుల భాష నిఘంటువు మొత్తం బట్టీ కొట్టి, కోరి వెలోరిన్‌లో చేరింది.

"మన జనాభా ఒక్కసారిగా రెట్టింపైందే!" అన్నాడు అప్పట్లో.

"ఇంకా పెంచే ఉద్దేశం ఉందా?" అంది. వారం రోజులు అతనికి నిద్ర లేదు.

ఏడాదికోసారి జరిగే గ్లాసుల వేడుక మొదలైంది. ఒక జాతి పేరు పిలిస్తే మిగతావాళ్లు తాగుతారు. ఆ జాతివాళ్లు మాత్రం గ్లాసు ముట్టరు. తమ పేరుకు తామే తాగడం ఎల్ఫుల్లో మహా పొగరు. ఏ పుస్తకంలోనూ లేదిది. వేడుకలో కూర్చున్నవాళ్లకే తెలుసు.

"వెలోరిన్!" అని పిలిచింది అధ్యక్షురాలు మిసెస్ ఫెన్విక్.

పార్జెటర్ గ్లాసు దింపేశాడు. ఎదురుగా వెరీనా తన గ్లాసెత్తి, ఆంబ్రోస్ మోచేయి పైకి నెడుతోంది. "కానివ్వండి డాక్టర్‌గారూ! ఇద్దరం ఒక్క గుక్కలో. ఓడితే బిల్లు మీదే!"

తన జాతి పేరు ఆమె చెవినైనా పడినట్టు లేదు. ఆమె ధ్యాసంతా ఆ ముసలాయన గ్లాసు మీదే.

గ్లాసు ఆయన పెదవులకు తగిలింది. పార్జెటర్ బల్ల మీదుగా దూకి దాన్ని పడగొట్టాడు. వైను ఒలికిన చోట బల్లగుడ్డ బుసబుసా పొంగింది.

"ఏం పనయ్యా ఇది!" అని అరిచింది మిసెస్ ఫెన్విక్.

పర్సులోకి పోబోతున్న వెరీనా చేతిని అతను ఒడిసిపట్టాడు. "మన పేరు పిలిచారు. నువ్వు గ్లాసెత్తావు."

"ఎత్తకూడదా? ఎవరూ చెప్పలేదే!"

"వెలోరిన్‌లకి ఎవరూ చెప్పక్కర్లేదు."

ఆమె అతని రబ్బరు చెవుల వైపు చూసి నవ్వింది. "పాపం! నిజంగా నీ కోసమే చేరాననుకున్నావా?"

పార్జెటర్ ఆమెకు బేడీలు వేసి, కింద ఉన్న పోలీసులకు అప్పగించి వచ్చాడు.

"వేడుక సగంలో ఆపకూడదు," అంటూ మిసెస్ ఫెన్విక్ కొత్త గ్లాసులు తెప్పించింది. "వెలోరిన్!"

అందరూ లేచి నిలబడి తాగారు. అందరికన్నా ముందు ఆంబ్రోస్ ఖాళీ చేశాడు. దేశాన్ని కాపాడిన ఆ పూట, గదిలో గుక్కెడు వైనుకు నోచుకోనిది ఒక్క పార్జెటరే.