వదిన చెప్పాల్సిన మాట

చివరి స్క్రూ ఊడి వచ్చేసరికి టీ చల్లారిపోయింది.

"జాగ్రత్త బెగాయిమ్, మెల్లగా లాగు," అంది బురుల్ వదిన.

పాడైన ల్యాప్‌టాప్ పొట్టలోంచి బెగాయిమ్ ఒక సన్నటి పలకను బయటికి తీసింది. చూయింగ్ గమ్ బిళ్ళంత ఉంది.

"ఇంతేనా? నీ ఫోటోలన్నీ ఇందులోనే ఉన్నాయా వదినా?"

"ఇందులోనే. దీన్ని ఎస్‌ఎస్‌డి అంటారు. స్క్రీన్ పగిలినా ఇది నిక్షేపంగా ఉంది."

నారిన్ పట్నం బజారులో కొన్న చిన్న రేకు పెట్టెలో వదిన దాన్ని బిగించింది. కేబుల్‌తో ఇంటి కంప్యూటర్‌కు కలపగానే ఫోల్డర్లన్నీ తెర మీదికి వచ్చాయి. ఇక దాన్ని జేబులో వేసుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు.

వదిన కొత్త ఫోల్డర్ ఒకటి చేసి బెగాయిమ్ పేరు పెట్టింది. "ఇది నీ గది. స్కూలు వీడియోలు ఇందులో దాచుకో. నా గదుల్లోకి మాత్రం తొంగిచూడకు, సరేనా?"

"సరే."

వదిన పాలు పితకడానికి వెళ్ళింది. బెగాయిమ్ మంచిపిల్లే. కానీ మూసిన తలుపు కనబడితే ఆ చెయ్యి ఊరుకోదు. ఒక ఫోల్డర్ తెరిచింది. మసక మసకగా నలుపు తెలుపు ఫోటో, మధ్యలో చిక్కుడుగింజంత ఆకారం. పైన ఆసుపత్రి పేరు, వదిన పేరు. పోయినేడు పిన్ని ఇలాంటి ఫోటోనే చూపించి, లోపలున్నది పాప అని చెప్పింది.

బెగాయిమ్ వంటింట్లోకి ఒకటే పరుగు. "సూయుంచు, నాయనమ్మా, సూయుంచు!"

శుభవార్త అందరికంటే ముందు తెచ్చినవాళ్ళు అరిచి చెప్పే మాట అది. విన్నవాళ్ళు బహుమతి ఇచ్చి తీరాలి.

నీ నోట్లో నువ్వుగింజ నానదే అని నాయనమ్మ రోజూ తిట్టేది. ఇప్పుడేమో పిండి చేతులతోనే మనవరాలిని ముద్దు పెట్టుకుంది. తన వెండి ఉంగరం తీసి ఆ పిల్ల వేలికి తొడిగింది. నాలుగేళ్ళుగా ఎదురుచూసిన కబురు మరి. లారీ మీద ఊరెళ్ళిన తిలెక్ అన్నయ్యకు వెంటనే ఫోన్ కలిపింది.

వదిన పాల బకెట్‌తో గుమ్మంలోకి వచ్చేసరికి ఫోన్లో అన్నయ్య సంతోషంతో కేకలు వేస్తున్నాడు. ఆమె నవ్వింది. నాయనమ్మ దీవిస్తుంటే తల వంచింది. తర్వాత బకెట్ దించి మళ్ళీ కొట్టంలోకి వెళ్ళిపోయింది.

బెగాయిమ్ వెనకే వెళ్ళింది. వదిన ఆవు మెడకు తల ఆనించి ఏడుస్తోంది.

"అందరూ సంతోషించారు కదా వదినా?"

"నాకూ సంతోషమే." వదిన కళ్ళు తుడుచుకుంది. "శనివారం మీ అన్నయ్య వస్తాడు, ఎదురుగా కూర్చోబెట్టి నేనే చెబుదామనుకున్నా. వినగానే ఆ మొహం ఎలా వెలిగిపోతుందో చూడాలనుకున్నా. ఇక చూడలేను కదమ్మా."

బెగాయిమ్ ఉంగరం తీసి ఇవ్వబోయింది. "ఇది నీకు రావాల్సింది."

"నాయనమ్మ నీకిచ్చింది. నేనెలా తీసుకుంటాను?"

బెగాయిమ్ దాన్ని మళ్ళీ పెట్టుకోలేదు. మర్నాడు ఆ రేకు పెట్టెను వదినే తెచ్చి చేతిలో పెట్టింది. బెగాయిమ్ తన ఫోల్డర్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు.

చలికాలం వచ్చింది. వదినను కాన్పుకు ఆసుపత్రిలో చేర్చారు. లోపలికి ఎవర్నీ రానివ్వరు. అన్నయ్య ఇంటికి తిరిగొచ్చి, కాలు నిలవక, ఇంటి కప్పు మీదికెక్కి పారతో మంచు తోడుతున్నాడు. లోపల అతని ఫోన్ మోగింది. వీడియో కాల్. బెగాయిమ్ ఎత్తింది.

తెర మీద వదిన, అలసిపోయిన నవ్వుతో. "బెగాయిమ్, ఇటు చూడు..."

"చెప్పకు వదినా. చూపించకు కూడా. ఒక్క నిమిషం ఉండు."

ఫోన్‌ను గుండెకు అదుముకుని బయటికి పరుగెత్తింది. గుమ్మంలో నాయనమ్మ అడ్డుపడింది. "ఎవరే ఫోన్లో? ఆడపిల్లా, మగపిల్లాడా?"

"నాకు తెలీదు నాయనమ్మా."

నిచ్చెన ఎక్కి, ఫోన్ తెరను అన్నయ్య వైపు తిప్పి, రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. తను మాత్రం తెర వైపు చూడలేదు. "అన్నయ్యా, వదిన. నీతోనే మాట్లాడాలి."

వదిన మెల్లగా ఏదో చెప్పింది. అన్నయ్య చేతిలోంచి పార జారిపోయింది. అంత పెద్ద మనిషి, మంచులో చతికిలబడి, చిన్నపిల్లాడిలా ఒకేసారి నవ్వుతూ ఏడ్చాడు.

కింద నుంచి నాయనమ్మ, "ఎవరో ఒకరు చెప్పండర్రా," అని బతిమాలుతోంది.

చలికి బెగాయిమ్ వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అయినా ఫోన్ కదలనివ్వలేదు.

"వదినా, అన్నయ్య మొహం కనబడుతోందా?"

"కనబడుతోందమ్మా," అంది వదిన. "అలాగే పట్టుకో."