వెనక వరండా బల్ల

వంతెనను వరద ఎత్తుకుపోయిన తరువాత ఆరో ఏడు అది. ఆ సాయంత్రం డాక్టరైన కూతురు ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే కూలబడింది. తల్లి పరుగున వచ్చింది.

ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ళకు మూడేళ్ళుగా మాటల్లేవు. ఆయన వడ్రంగి. పెద్దాసుపత్రి వెనక వరండాలో కొండవాళ్ళు కూర్చునే పొడుగు బల్ల ఆయన చేసిందే. ముందు హాలు ఊళ్ళోవాళ్ళది. వాళ్ళందరినీ చూశాకే వెనకవాళ్ళకు పిలుపు. వరద ఏడు, జ్వరంతో కాలిపోతున్న ఆయన చిన్నకొడుకు ఆ పిలుపు కోసం పొద్దుటినుంచీ ఆ బల్లమీదే పడుకుని, మధ్యాహ్నానికి తల్లి ఒళ్ళో కన్నుమూశాడు...

కొండవాళ్ళలో మొదటి డాక్టరై కూతురు ఆ ఆసుపత్రిలోనే చేరిన రోజున, నీకు ఇంకో గడప దొరకలేదా అన్నాడాయన. అదే ఆఖరిమాట. తల్లి అడకత్తెరలో పోకచెక్క అయింది. నెలరోజులుగా ఆయనకు దగ్గు. ఆసుపత్రి మాటెత్తితే గోడవైపు తిరుగుతాడు. మొండితనానికి మందు ఏ ఆసుపత్రిలో ఉంది!

"ఏమైందే తల్లీ?"

"ఒక అవ్వ పోయిందమ్మా. మన కొండ అవ్వే."

కూతురు రెండేళ్ళు పైవాళ్ళతో పోరాడి, అందరికీ ఒకటే వరుస, జబ్బు ముదిరినవాళ్ళే ముందు అని రాయించింది. వెనక్కి వచ్చి పిలిచే పద్ధతి పోయింది. మనవాళ్ళు మాత్రం అలవాటుకొద్దీ వెనకే కూర్చుంటున్నారు. రోజూ తానే వెళ్ళి లోపలికి తెచ్చేది. ఇవాళ ఆపరేషన్‌లో ఉండిపోయింది. అవ్వ ఎవరినీ అడగకుండా కూర్చునే పోయింది...

"ఆ బల్ల తీయించకపోయావా?"

"నాన్న చేతి బల్లమ్మా. తమ్ముడు చివరిగా పడుకున్నది. రెండుసార్లు మనుషుల్ని పిలిచి, మళ్ళీ పంపేశాను. చేతులు రాలేదు."

తల్లి కొంగుతో ఆమె మొహం తుడిచింది. ఏడవడానికి ఇద్దరికీ ఓపిక లేదు. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మాత్రం ఊపిరి బిగబట్టి విన్నాడు.

తెల్లారగానే ఆయన పనిసంచి భుజాన వేసుకున్నాడు. "నడు, ఒక పక్క నువ్వు పట్టాలి" అన్నాడు భార్యతో.

ఆసుపత్రిలో బల్లను నేలకు బిగించిన మేకులు ఊడదీసి, ఇద్దరూ మోసుకెళ్ళి ముందు హాల్లో వేశారు. వెనకున్న కొండవాళ్ళు బల్ల వెంటే లోపలికొచ్చారు. ఎవరు చెప్పారని గుమాస్తా అడిగాడు.

"నేను మీ డాక్టరమ్మ నాన్నని" అన్నాడాయన.

తరువాత చీటీ రాయించుకుని, ఆ బల్ల చివర కూర్చుని, దగ్గుకుంటూ, కూతురి పిలుపు కోసం చూశాడు.