అమ్మ అందించిన మాటలు

మా పిన్ని వంద సినిమాల్లో నటించింది, అంతకు రెట్టింపు నాటకాలు ఆడింది. ఒక్క డైలాగు కూడా కంఠతా పట్టలేదు. "అక్క అందిస్తుంది, నేను అనేస్తాను" అని ఇంటర్వ్యూల్లో గొప్పగా చెప్పుకునేది. ఆ అక్క మా అమ్మ. ముప్ఫై ఏళ్లు స్టేజీ పక్కన తెరచాటు కుర్చీలో కూర్చుని, చెక్క మీద వేలితో రెండుసార్లు తట్టి, మాట అందించింది. తట్టి తట్టి అమ్మ చూపుడువేలికి కాయ కాసింది. ఆ చప్పుడు వింటే చాలు, పిన్ని చెవిన పడ్డది పడ్డట్టు నోటినుంచి వచ్చేసేది.

అంతకుముందు హీరోయిన్ అమ్మే. ఓ ప్రదర్శనలో సెట్టు మెట్లు విరిగి కిందపడింది, మళ్లీ నడవలేదు. అప్పటికప్పుడు అమ్మ చీర కట్టుకుని పిన్ని మిగతా నాటకం లాగించింది. ఆ రోజుతో పిన్ని దశ తిరిగింది.

అమ్మ పోయిన మూడు వారాలకు పిన్నికి సన్మానం పెట్టారు. దానికి ముందు, మధ్యాహ్నం ఆటగా అమ్మ పడిపోయిన అదే పాత నాటకం. అమ్మ కుర్చీలో ఈసారి నేను, ఒళ్లో అమ్మ వాడిన నాటకం పుస్తకం.

కుర్చీకి ఇంకా అమ్మ రాసుకునే నొప్పుల తైలం వాసన ఉంది.

"ఈ కంపు కుర్చీ పారేయమన్నానా లేదా?" అంది పిన్ని ముక్కు మూసుకుని.

నాకు ఒళ్లు మండింది. పైకి మాత్రం "రేపు పారేస్తాలే పిన్నీ" అన్నాను.

ఆట సాఫీగానే నడిచింది. ఆఖరి రంగంలో పిన్ని మెట్లెక్కి నిలబడింది. తట్టడానికి వేలు ఎత్తాను.

టక్... టక్.

నా వేలు ఇంకా గాల్లోనే ఉంది.

"ఈ మెట్టు బోల్టు నేనే తీశాను" అంది పిన్ని.

పుస్తకంలో ఆ మాట లేదు. జనం నటనే అనుకున్నారు.

టక్... టక్.

"అక్క కేకలు పెడుతుంటే... దాని చీర కట్టుకున్నాను..."

పిన్ని రెండు చేతులతో నోరు నొక్కుకుంది. వేళ్ల సందుల్లోంచి మాటలు వస్తూనే ఉన్నాయి. కళ్లు మాత్రం నావైపే... ఆపమని బతిమాలుతూ. తైలం వాసన గుప్పుమంది. నా భుజం పక్కనే ఎవరో ఊపిరి పీల్చారు.

తెర తాడు చేతికందేంత దూరంలోనే ఉంది. లాగలేదు. అబద్ధమెందుకు, లాగబుద్ధి కాలేదు.

పిన్ని మెట్ల మీంచి పడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

స్ట్రెచర్ మీద పడుకుని గుసగుసగా అడిగింది. "ఎందుకే అలా అందించావు?"

"నేను నోరే విప్పలేదు పిన్నీ."

అంబులెన్సు వెళ్లాక పుస్తకం తెరిచాను. ఆఖరి పేజీలో పిన్ని అన్న ప్రతి మాటా పెన్సిల్‌తో, అమ్మ చేతిరాతలో ఉంది. చివర 'తెర' అని ఉండాలి. లేదు. 'తర్వాతి రంగం: ఆసుపత్రి గది' అని ఉంది.

పేజీ తిప్పబోతుంటే చూపుడువేలు చురుక్కుమంది. దీపం కిందకు తెచ్చి చూసుకున్నాను. ముప్ఫై ఏళ్ల కాయ.