తిరిగి ఇమ్మంటారా?

"కళ్ళు మూసుకోనక్కర్లేదండీ. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి. పొద్దున లేచి ఏం చేస్తారో చెప్పండి చాలు," అంది డాక్టర్ వకుళ.

కాసులమ్మ తల చుట్టూ పూలదండంత తేలికైన పట్టీ ఒకటి ఉంది. ఎదురుగా గోడ మీది స్క్రీన్‌లో బూడిదరంగు గీతలు మెల్లగా కదులుతున్నాయి.

"చెప్పడానికేముందమ్మా? లేస్తాను. వాకిలి ఊడుస్తాను. ఆయన్ని లేపి కాఫీ తెమ్మంటారా అని అడుగుతాను."

"మీ ఆయనకు వినపడదన్నారుగా. ఎలా అడుగుతారు?"

"అరచేతిలో."

గీతలు ఒక్కసారిగా పసుపురంగుకు తిరిగాయి. వకుళ కుర్చీ ముందుకు జరుపుకుంది. "అది చెప్పండి. మొదట్నుంచీ చెప్పండి."

కాసులమ్మను అక్కడికి తీసుకొచ్చింది పక్కింటి రాజ్యం. తన వంతు అప్పటికే అయిపోయింది. "నా అప్పడాల సంగతి చెబితే ఒక్క గీతా కదల్లేదు, దీని కాఫీకి మాత్రం వెలిగిపోతోంది," అని మూతి ముడిచింది.

"ఆన్‌లైన్‌లో అప్పడాలు ఇప్పటికే చాలామంది అమ్ముతున్నారండీ," అంది వకుళ.

"నావి విరగవు!"

"విరక్కపోతే తినేదెలాగే?" అంది కాసులమ్మ. గదిలో అందరూ నవ్వారు.

ఏలూరులో ఆలోచనల పంపకం కేంద్రం తెరిచిన కొత్త అది. ఆ కాలంలో ఆన్‌లైన్ వ్యాపారం పెట్టాలనుకోని మనిషి లేడు. ఫోనుంది, సరుకు మోసే డ్రోన్లున్నాయి, లేనిదల్లా కొత్త ఆలోచన. ఒకరు పెట్టినదాన్నే అందరూ పెట్టి, అందరూ కలిసి మూసేస్తున్నారు. అసలైన ఆలోచనలు ఎక్కడో లేవు, మామూలు మనుషుల రోజువారీ బతుకులోనే ఉన్నాయని వకుళ బృందం నమ్మింది. లోకంలో ఎందరో దేనికోసమో వెతుక్కుంటుంటారు. దాన్నే ఇంకెక్కడో ఒకరు, గొప్పేమీ అనుకోకుండా, రోజూ చేసుకుపోతుంటారు. ఆ రెండింటినీ కలిపేదే ఈ యంత్రం. దొరికిన ఆలోచనను అందరికీ ఉచితంగా పంచుతుంది. ఎవరైనా తీసుకుని వ్యాపారం పెట్టుకోవచ్చు.

యంత్రం పనిచేసే తీరు చెప్పడం తేలికే. మనం ఒక సంగతి గుర్తుచేసుకోవడమంటే పెట్టెలోంచి చీర తీసి మడత విప్పడం లాంటిది. చూసుకున్నాక మెదడు దాన్ని మళ్ళీ మడిచి లోపల పెట్టేస్తుంది. విప్పిన ఆ కాసేపట్లో యంత్రం పోగుపోగునా కాపీ తీసుకుంటుంది. అయితే అంత పూర్తిగా విప్పిన చీరను మెదడు తనంతట తాను మడవలేదు. యంత్రమే మడిచి లోపల పెట్టాలి. మనిషి మెదడులో ఏది పెట్టాలన్నా, అది ఆ మనిషిదే అయినా సరే, ముందు అనుమతి అడగాలని చట్టం. అందుకే చివర్లో యంత్రం ఒక ప్రశ్న వేస్తుంది. దూరదేశంలో పరీక్షించినప్పుడు ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఆ ప్రశ్నను తెలుగులోకి మర్యాదగా మార్చింది వకుళే.

కాసులమ్మ చెప్పుకుపోతోంది. భర్త వీరాస్వామికి పుట్టుకతోనే వినికిడి లేదు, మాట లేదు. తివాచీలు నేసేవాడు. సైగలతోనే కాపురం చేశారు, పిల్లల్ని పెంచారు, పోట్లాడుకున్నారు. తర్వాత షుగరు ఆయన చూపు తీసేసింది. సైగలూ పోయాయి.

"కొన్నాళ్ళు గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను పక్కన కూర్చుని ఊరికే చెయ్యి పట్టుకున్నాను. ఏం తోచక, ఆయన మగ్గం మీద దారం బిగించేటప్పుడు ఎలా తట్టేవారో అలా అరచేతిలో తట్టాను. ఇటు తిరిగారు."

అక్కణ్ణుంచి పుట్టింది ఆ భాష. చూపుడువేలితో గీత గీస్తే మంచినీళ్ళు. గోటితో నొక్కితే 'ఎవరో వచ్చారు'. మణికట్టు దగ్గర సున్నా చుడితే వాన. తివాచీ పూల పేర్లు మనుషుల పేర్లయ్యాయి. పేపరు చదివి వార్తలన్నీ ఆయన చేతిలో పోసేది కాసులమ్మ. ఆయన జోకులు ఆమె చేతిలో వేసేవాడు. రాజ్యానికి వాళ్ళు పెట్టిన పేరేమిటో మాత్రం చెప్పనంది.

"చెప్పవే, నేనేం అనుకోను."

"అనుకుంటావు."

స్క్రీన్ అంతా పసుపు. ప్రపంచం నలుమూలలా చూపూ వినికిడీ లేనివాళ్ళ కుటుంబాలు వెతుక్కుంటున్నది ఇదే. వకుళ కళ్ళు తుడుచుకుంది. యంత్రం మెత్తటి గొంతుతో అడిగింది:

"చాలా మంచి ఆలోచన ఇచ్చారమ్మా. మీది మీకు తిరిగి ఇమ్మంటారా?"

కాసులమ్మ మొహమాటంగా నవ్వింది. "అబ్బే, ఎందుకమ్మా. మీ దగ్గరే ఉండనివ్వండి."

"అలాగేనమ్మా," అంది యంత్రం. పసుపురంగు ఆరిపోయింది.

ఇంటికి రాగానే కాసులమ్మ మంచం దగ్గరికి వెళ్ళింది. అడుగుల అదురు తెలిసి వీరాస్వామి చెయ్యి చాచాడు. ఆమె చెయ్యి అందుకుని అరచేతిలో గబగబా ఏదో గీశాడు, తట్టాడు, నవ్వుతూ ఆగాడు.

కాసులమ్మ తన చేతివైపు చూసుకుంది. చక్కిలిగింత తప్ప ఏమీ లేదు.

"ఏమిటిది, ఈయన నా చేతిలో గీకుతున్నారు?" అంది.

గుమ్మంలో ఉన్న రాజ్యం నవ్వబోయి ఆగిపోయింది. "అదేమిటే! ఎక్కడికి వెళ్ళావని అడుగుతున్నాడేమో. గీత గీస్తే మంచినీళ్ళని ఇందాక నువ్వేగా చెప్పావు?"

"నేనా? ఎప్పుడు?"

వీరాస్వామి మళ్ళీ తట్టాడు, ఈసారి నెమ్మదిగా. మళ్ళీ తట్టాడు. నవ్వు పోయింది. ఆమె వేళ్ళు పట్టుకుని తన అరచేతిలో పెట్టుకుని ఎదురుచూశాడు. ఆ వేళ్ళు కదల్లేదు. ఏం రాయాలో వాటికి తెలియదు.

మర్నాడు రాజ్యం ఆమెను రెక్క పట్టుకుని కేంద్రానికి లాక్కొచ్చింది. విషయం వినగానే వకుళ యంత్రం దగ్గరికి పరిగెత్తింది. రికార్డు తీసింది. కాసులమ్మ సమాధానం విన్నది. ఆ తర్వాత మిగతావాళ్ళవీ ఒక్కొక్కటిగా విన్నది. "పర్వాలేదండీ." "మాకెందుకండీ, ఉంచుకోండి." "అయ్యో, వద్దులెండి." కేంద్రంలో కూర్చున్నవాళ్ళలో దాదాపు అందరూ అదే మాట. వాళ్ళ ఔదార్యం గురించి పైవాళ్ళకు ఆమే గర్వంగా రిపోర్టు పంపింది. పేచీ పెట్టే గేదెను ఊరుకోబెట్టి పాలు పితకడమెలాగో ఇక్కడ చెప్పి వెళ్ళిన మనిషి, ఆ విద్య మరిచిపోయి, ఇప్పుడు ఏ దొడ్లో గేదె ముందు నిలబడి ఉన్నాడో!

"ఎందుకు వద్దన్నారమ్మా?" అంది వకుళ.

"అడగ్గానే ఇమ్మంటామా? ఇంకోసారి అడుగుతారేమో అనుకున్నాను."

"అది యంత్రమమ్మా."

"నువ్వు యంత్రానివి కాదుగా," అంది రాజ్యం. "నీదీ ఏలూరేనంటివి. ఎవరింట్లోనైనా కాఫీ పుచ్చుకోమంటే ఒక్క పిలుపుకే గ్లాసు అందుకుంటావా?"

యంత్రం దగ్గర కాపీ ఉంది గానీ పెట్టడానికి చోటు లేదు. విప్పిన కాసేపట్లో పెట్టకపోతే మెదడు ఆ అరను పూడ్చేస్తుంది. మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సిందే.

కాసులమ్మ నేర్చుకోవడానికే కూర్చుంది. రాజ్యం చెప్పిన గీత గీసి మంచినీళ్ళిచ్చింది. ఆయన గ్లాసు తీసుకున్నాడు, తాగాడు, నమస్కారం పెట్టాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ ఆమెకు నమస్కారం పెట్టలేదు. రోజురోజుకీ ఆయన తట్టడం తగ్గిపోయింది. చివరికి మళ్ళీ గోడవైపు తిరిగాడు.

ఈలోగా ఆ ఆలోచన లోకమంతా పాకింది. ఎక్కడెక్కడివాళ్ళో ఆన్‌లైన్‌లో పాఠాలు, పరికరాలు మొదలుపెట్టారు. వాటిల్లో ఒకటి చేతి తొడుగు. వేసుకుని మాట్లాడితే, అవతలివాళ్ళ అరచేతిలో తొడుగే తడుతుంది. వాళ్ళు తట్టింది ఫోను పైకి చదివి వినిపిస్తుంది. మొదటి తొడుగు రాగానే వకుళ పట్టుకుని పరుగున వచ్చింది.

"ఇక భయం లేదమ్మా. మీ భాషే ఇది. మీరు నోటితో చెప్పండి చాలు."

కాసులమ్మ తొడుగు తొడుక్కుని మంచం మీద కూర్చుంది. ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "ఏమండీ, నేనేనండీ," అంది. తొడుగు తట్టింది. తప్పు లేదు, తడబాటు లేదు, అందరి చేతికీ ఒకేలా తట్టే తట్టు.

వీరాస్వామి ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఆమె తొడుగు మీద వేళ్ళు ఆడించాడు. ఫోనులో ఎవరో అమ్మాయి గొంతు హాయిగా చదివింది:

"అమ్మయ్య, మాట తెలిసినవాళ్ళు వచ్చారు. మీరెవరో గానీ చల్లగా ఉండండి. ఎన్నాళ్ళుగానో ఈ ఇంట్లో ఒకావిడ నాకు అన్నం పెడుతోంది. మంచి మనిషే, కానీ మాట తెలియదు. మా ఆవిడ ఎక్కడుందో కాస్త కనుక్కుంటారా?"

రాజ్యం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆవిడ నేనేనండీ! కాసులమ్మనండీ!" అని అరిచింది కాసులమ్మ. అరుపు తొడుగులోంచి అదే నెమ్మదితో, అదే తూకంతో దిగింది.

ఆయన వేళ్ళు తొడుగు అంచు దాటి పైకి పాకాయి. మణికట్టు దగ్గర గాజులు దొరికాయి. ఒక్కొక్కటే తడిమి చూశాడు. మళ్ళీ తొడుగు మీదికి దిగి తట్టాడు.

ఫోను అదే హాయైన గొంతుతో చదివింది:

"ఈ తట్టు మా ఆవిడది కాదు, గాజులు మాత్రం ఆవిడవే. మీ చేతికెలా వచ్చాయి? ఆవిడకేమైంది? నా దగ్గర దాచకండి."