గ్రోగన్ చెయ్యి

అమెరికాలో బ్యూట్ కొండమీద, రాగి గనికి దిగువన, ఐరిష్ వాళ్ళ వాడ చివర ఒక పాత ఇల్లు ఉండేది. ఒకప్పుడు గని కూలీలు అద్దెకుండే ఇల్లు. ఇప్పుడు కిటికీలకు చెక్కలు కొట్టేశారు. పొద్దుగూకితే అటువైపు ఎవరూ పోరు. రాత్రి పనికి వెళ్ళేవాళ్ళు మంచులో చుట్టుదారి పట్టి అరమైలు ఎక్కువైనా నడుస్తారు గానీ, ఆ గుమ్మం ముందునుంచి మాత్రం పోరు.

గ్రోగన్ అనే ముసలి కూలీ అందులో ఒంటరిగా చచ్చిపోయాడట. చచ్చినా తోడు కోసం చూస్తూనే ఉన్నాడట. చీకట్లో ఎవరైనా అటు పోతే వెనకనుంచి వచ్చి — చెయ్యి పట్టుకుంటాడట. మంచుగడ్డలాంటి చెయ్యి... పట్టుకుంటే ఇక వదలడట.

ఈ కథలో ఒక్కటే చిక్కు. గ్రోగన్ అనేవాడు అసలు పుట్టనే లేదు.

వాణ్ణి పుట్టించినవాడు బార్ట్‌లీ ఫోలన్. ఐర్లండ్‌లోని కానమారా తీరంలో కుర్రవాడిగా ఓడెక్కి వచ్చి, గనిలో పార పట్టలేక, కథలూ పాటలూ పట్టుకున్నాడు. పెళ్ళింట్లో, చావింట్లో, సారాకొట్లో... ఎక్కడ నలుగురు చేరినా ఐదోవాడు అతనే. వాడలో తనంత కథకుడు లేడని అతని నమ్మకం. ఆ నమ్మకం ఇంకెవరికీ లేదని అతనికి ఎవరూ చెప్పలేదు. గ్రోగన్‌ని మాత్రం అందరూ నమ్మారు.

ఆ రాత్రి పెగ్గీ లాహిఫ్ ఇంట్లో ఆమె శవం దగ్గర జనం మేలుకుని ఉన్నారు. పెగ్గీదీ బార్ట్‌లీదీ ఒకే ఊరు. పడవ కోసం రేవులో ఎదురుచూసే పిల్ల పాట ఒకటి బార్ట్‌లీ తల్లి పాడేది. పెగ్గీకి ఆ పాటంటే ప్రాణం. మంచంమీద ఉండి అడిగింది, తను పోయాక పక్కన కూర్చుని అదే పాడమని, సగంలో ఆపొద్దని. బార్ట్‌లీ మాట ఇచ్చాడు.

మాట ఇచ్చిన వారానికే చర్చి హాల్లో ఆ పాట సగంలో ఆపేశాడు. మూడు చరణాలు అయ్యాయి. నాలుగోది రాలేదు. జనం జాలిపడి చప్పట్లు కొట్టారు. గొంతు పట్టేసిందని దగ్గాడు. ఆ పూట అతను బాగా చేసిన పని ఆ దగ్గు ఒక్కటే. తరవాత ఇంట్లో ఎన్నిసార్లు మొదలెట్టినా మూడో చరణం దాటలేదు. వయసు మీదపడి ఒక్కో పాటా జారిపోతోందని అతనికి తెలుసు. రాత్రిళ్ళు అది తలుచుకుంటే నిద్ర పట్టేది కాదు. ఎవరికీ చెప్పుకోలేదు.

పెగ్గీ కూతురు ఊనా టీ కప్పు చేతికిస్తూ మెల్లగా అంది.

"మామా... అమ్మ అడిగిన పాట."

బార్ట్‌లీ పొగాకు తెచ్చుకుని వస్తానన్నాడు. జేబునిండా పొగాకు ఉంది. టోపీ తీసుకుని పెరటి తలుపులోంచి జారుకున్నాడు.

పెద్దవీధిన పోతే ఎవరో ఒకరు పట్టుకుని వెనక్కి లాక్కొస్తారు. మనిషి ఎదురుపడని దారి ఒక్కటే ఉంది. ఆ దారిన మనుషులు లేకుండా చేసిందీ తనే.

ఆ ఇంటి ముందుకు వచ్చాడు. చెక్కల సందుల్లో గాలి ఈల వేస్తోంది. గ్రోగన్ లేడు... లేడని తనకన్నా ఎవరికి బాగా తెలుసు? అయినా తలుపు వైపు చూడలేదు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేరా బార్ట్‌లీ, అనుకున్నాడు.

భయం పోవాలంటే పాడాలి. పైగా ఇక్కడ తప్పు పాడినా నవ్వేవాడు లేడు. మెట్టు దగ్గర ఆగి, టోపీ కళ్ళమీదికి లాక్కుని, వాళ్ళ ఊరి పాటగాళ్ళలా గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

ఒక చరణం... రెండు...

మూడోది సగంలో ఉండగా — ఒక చెయ్యి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

మంచుగడ్డలాంటి చెయ్యి.

బార్ట్‌లీ పైప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తుదామంటే కాళ్ళు లేవు. కళ్ళు తెరుద్దామంటే ధైర్యం లేదు. అలవాటుకొద్దీ గొంతు మాత్రం పాడుతూనే ఉంది.

ఆ చెయ్యి లాగలేదు. నొక్కలేదు. మెల్లగా, గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది... కానమారాలో పాటగాడి పక్కన కూర్చున్నవాళ్ళు అలాగే చెయ్యి పట్టుకుని తిప్పుతారు. పాట అయ్యేదాకా పాటగాడు విడిపించుకోడు. విడిపించుకుంటే పాటకే అవమానం.

దెయ్యమే కావచ్చు, పద్ధతి తెలిసిన దెయ్యం.

మూడో చరణం అయిపోయింది. గొంతు ఆగింది. చెయ్యీ ఆగింది... కాసేపటికి మళ్ళీ తిరిగింది — తొందరేం లేదు, నేనున్నాలే, అన్నట్టు.

బార్ట్‌లీ నోరు తెరిచాడు. ఏదో వచ్చింది. ఏం వచ్చిందో ఆ భయంలో అతనికే తెలియలేదు. పాట అయిపోయిందనడానికి గుర్తుగా ఆఖరి ముక్కని పాడకుండా మామూలు మాటలా అనేశాడు.

చెయ్యి వదిలింది.

కళ్ళు తెరిచాడు. పక్కన లాంతరు. లాంతరు వెనక తెల్లటి గడ్డం.

"గ్రోగన్..." అన్నాడు, వినీవినపడకుండా.

గడ్డం పలకలేదు. లాంతరు పైకి లేచింది.

ఫెస్టీ మలోయ్! గనిలో తూటా పేలి రెండు చెవులూ పోయిన మనిషి. చెక్కలు పీక్కుపోయి పొయ్యిలో పెట్టుకుంటున్నారని ఆ ఇంటి సొంతదార్లు ఈమధ్యే అతన్ని కాపలా పెట్టారు. గ్రోగన్ కథ వినని మనిషి వాడలో అతనొక్కడే.

"నోరు కదులుతుంటే పాడుతున్నావనుకున్నా," అన్నాడు ఫెస్టీ, వాడంతా వినపడేటట్టు. "పక్కన ఎవరూ లేరు. అలా ఒక్కడివే పాడకూడదు కదరా. అందుకని వచ్చి పట్టుకున్నా."

బార్ట్‌లీ మెట్టుమీద కూలబడ్డాడు. నాలుగో చరణం వచ్చింది! మరి ఏమిటది? ఎంత వెతికినా ఒక్క ముక్క గుర్తు లేదు. దానికున్న ఒకే ఒక్క సాక్షికి చెవులు లేవు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని నలుగురినీ ఎగతాళి చేసిన నోరు తనది. నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు.

పెదాలు పెద్దగా కదిలిస్తూ అడిగాడు, చివరిది సరిగ్గా వచ్చిందా అని.

"నాకేం తెలుసు? ఒకచోట నీ చెయ్యి చచ్చుబడింది. తిప్పాను. మళ్ళీ బతికింది. నాకు తెలిసింది అంతే."

బార్ట్‌లీ లేచి ఫెస్టీని పెగ్గీ ఇంటికి లాక్కెళ్ళాడు. శవం పక్కన రెండు కుర్చీలు వేయించాడు. కళ్ళు మూసుకుని చెయ్యి అందించాడు.

మూడో చరణం తరవాత గొంతు ఆగిపోయింది. జపమాలలు తిప్పుతున్న ముసలమ్మల వేళ్ళు ఆగాయి. ఊనా తల వంచుకుంది. గదంతా నిశ్శబ్దం... ఆ నిశ్శబ్దం వినపడనివాడు ఫెస్టీ ఒక్కడే. అతను చెయ్యి తిప్పుతూనే ఉన్నాడు.

తిప్పుతూనే ఉన్నాడు...

నాలుగో చరణం వచ్చింది. ముక్కలుగా, బొంగురుగా, కానీ సాంతం వచ్చింది. ఆఖరి ముక్క దగ్గర పాట ఆపి, పెగ్గీ వైపు తిరిగి, పక్కింటావిడతో చెప్పినట్టు చెప్పాడు.

"పడవ వచ్చింది. రేవులో నేను లేను."

అప్పటిదాకా బిగబట్టుకున్న ఊనా గట్టిగా ఏడ్చింది.

తెల్లారేసరికి వాడంతా ఒకటే మాట, రాత్రి ఫెస్టీ చెయ్యి ఎంత బాగా పాడిందో అని. ఇంకో రోజైతే బార్ట్‌లీ ఆ మాటన్నవాడి చొక్కా పట్టుకునేవాడు.

"నిజమే," అన్నాడు. "నేను ఊరికే పక్కన కూర్చున్నా."