హార్గ్రేవ్ బ్యాంకు కిటికీలో దీపం

చిన్న కథే. ఆకూ వక్కా నమిలి ఉమ్మేలోపు అయిపోతుంది.

పెనాంగ్ రేవు పక్కన హార్గ్రేవ్ దొర బ్యాంకు ఉండేది. నోట్లు సొంతంగా అచ్చేసుకునేది. నోటు మీద నెమలి. ఆ నెమలిని చూసి చేపల ఆహ్ లిమ్ కోడి అనుకుని... సరే, అది వేరే కథ.

బ్యాంకు మునిగింది. తర్వాత కొన్నాళ్లకు, చీకటి పడితే చాలు, మూసేసిన బ్యాంకు కిటికీలో దీపం... దీపం పక్కన పాలిపోయిన మొహం. ఉరేసుకున్న క్యాషియరే అన్నారు. ఎవరు ఉరేసుకున్నారంటే ఎవరికీ తెలియదు. తలుపుకు అంటించిన ఇంగ్లీషు కాగితం దెయ్యాన్ని కట్టేసిన మంత్రమట.

గైక్ లాన్ మొగుడు టేక్ హ్వాట్ పోతూ పోతూ పది డాలర్ల నెమలి నోట్లు ఎనిమిది వదిలాడు. రోజూ కలలోకి వస్తున్నాడు — వట్టి కాళ్లతో. అక్కడ చెప్పులకు కూడా గతిలేదని ఆవిడ దిగులు.

"చచ్చిన బ్యాంకు నోట్లు చచ్చినవాళ్లకే చెల్లుతాయి వదినా," అంది ఆడపడుచు సియోక్ ఖెంగ్. "పోయినవాళ్లకు కాగితం డబ్బు కాల్చి పంపే నెలేగా. ఆ బ్యాంకు గుమ్మంలోనే కాల్చు. లేటయితే అన్నయ్య అలుగుతాడు."

ఆ రాత్రే వెళ్లింది. అగ్గిపుల్ల గీసింది...

"కాల్చకమ్మా..."

కిటికీ ఊచల్లోంచి తెల్లటి చెయ్యి.

"ఇలా ఇవ్వు... మార్చిస్తాను."

నోట్లు ఆ చేతిలో పెట్టింది. ఎనిమిది కొత్త నోట్లు వచ్చాయి.

"ఇవి... చెల్లుతాయా అయ్యా?"

"ఎక్కడైనా చెల్లుతాయి."

గైక్ లాన్ కళ్లు తుడుచుకుంది. మొగుడి పేరు మూడుసార్లు పిలిచి — ఎనిమిదీ అక్కడే కాల్చేసింది. కిటికీకి దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

లోపలున్నది మలాకా నుంచి వచ్చిన గుమాస్తా. పాత నోట్లకు సర్కారు నోట్లు ఇవ్వమని కోర్టు కూర్చోబెట్టింది. పగలు ఇంకో కొలువు కాబట్టి రాత్రిళ్లు వచ్చేవాడు. తలుపు మీది కాగితంలో ఉన్నది అదే. నెల మొత్తం మీద వచ్చిన మొదటి మనిషి ఆవిడే.

అతను దీపం కూడా ఆర్పకుండా పారిపోయాడు. అక్కడ ఆడదెయ్యం ఉందని మలాకాలో చెబుతున్నాడట.

తెల్లవారుజామున టేక్ హ్వాట్ కలలోకి వచ్చాడు. కాళ్లకు కొత్త బూట్లు. చిల్లర కూడా మిగిలిందన్నాడు.