మీసాల ఫోటో, గాజుల చేతులు

పొద్దుటి కాఫీ గ్లాసులు ఇంకా కడగలేదు. గుడియాత్తంలోని ఆ ఇంటి ముందుగదిలో చౌడేశ్వరి అప్పుడే మగ్గం గుంటలోకి దిగింది. కుడి భుజాన్ని ఒకసారి గట్టిగా నొక్కుకుని నేత మొదలుపెట్టింది. గుమ్మం దగ్గర భర్త జానకిరామన్ ఎడమచేత్తో రాట్నం తిప్పుతూ కండెలు చుడుతున్నాడు. కుడి మణికట్టు విరిగినప్పటి నుంచి అతను మగ్గంలో కూర్చోలేదు. ఆ సంగతి వీధికంతా తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఫోన్ మోగింది. జానకిరామన్ స్పీకర్ పెట్టాడు. వేలూరు బట్టల కొట్టు నుంచి దినకరన్.

"అన్నా, మీ చీర కొన్న తొరపాడి ఆయమ్మ దాన్ని తిరిగి తెచ్చేసింది. నకిలీ అంటా ఉండాది."

"నకిలీనా! మా మగ్గంలో నేసిందే కదప్పా!"

"నేనూ అదే చెప్పినా. చీర చీటీమీది కోడ్‌ను ఫోన్లో చూస్తే, నేసినవారని మీసాలతో నీ ఫోటో వస్తాది. కింద వీడియోలో నేసే చేతులకేమో గాజులుండాయి! జానకిరామన్ గాజులేసుకుంటాడా అని అడిగింది. ఏం చెప్పేది? సాయంత్రంలోగా సరిచేయండన్నా. లేకుంటే మీ చీరలు వద్దన్నాడు ఓనరు."

జానకిరామన్ పక్కనే కూర్చున్న కూతురి వైపు తిరిగాడు. ప్రతి చీర వివరాలూ ఫోన్లో ఎక్కించేది నివేదితే. సర్కారు ఇచ్చిన మగ్గం కార్డు నాన్న పేరుమీద ఉందని ఆయన ఫోటోనే పెట్టింది. వీడియోలో చేతులే కదా, ఎవరు చూస్తారనుకుంది.

"ఆ వీడియో తీసెయ్యమ్మా."

"కుదరదప్పా," అంది నివేదిత నెమ్మదిగా. "అది బ్లాక్‌చెయిన్. ఒకసారి ఎక్కిస్తే శానా కంప్యూటర్లలో ఉండిపోతాది. ఎవురూ చెరపలేరు. కింద ఇంకో వరస రాయొచ్చు, అంతే. దానికి నువ్వు వేలిముద్ర పెట్టాల."

"ఏమని రాస్తావు?"

"అమ్మ నేసిందని."

"మీ నాయన చేతగానోడని ఊరంతా ఫోన్లో చూడాలనా?"

మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"నాకు పేరొద్దు," అంది చౌడేశ్వరి. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆ గొంతులో లేదు. "మొన్న వేలూరు ఆస్పత్రిలో డాక్టరు నా చెయ్యి పట్టుకోని, ఏం పని చేస్తావమ్మా అని అడిగితే నువ్వేం చెప్పినావు?"

అతను చేతిలోని కండె తీసి పక్కన పెట్టాడు.

"ఏం పనీ లేదు సార్, ఇంట్లోనే ఉంటాది అంటివి. ఆయన మాత్రలు రాసిచ్చి పంపించేసినాడు. పని నాది కాదంటే సరేలే అనుకున్నా. నొప్పి కూడా నాది కాకపోయె."

జానకిరామన్ ఆమె చేతిని చూశాడు. పని ఆగినా, బట్టమీద ఆ వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి. అతని కళ్ళు నిండాయి. ఎడమ బొటనవేలు ముందుకు చాపాడు.

"ఫోను తీసుకురామ్మా."

నివేదిత తల్లి పేరు కొట్టింది. చౌడేశ్వరి మెడ సాచి చూసింది.

"పడుగు పోగులు అతికింది, కండెలు చుట్టింది మీ నాయనే. అదీ రాయి. లేకుంటే ఇంకో ఆయమ్మ ఇంకోటి అడుగుతాది."

జానకిరామన్ మీసాల కింద చిన్నగా నవ్వు కదిలింది. లేచి వచ్చి, ఆమెను గుంటలోంచి పైకి లాగడానికి మంచి చెయ్యి అందించాడు.

"రేపు మళ్ళా ఆస్పత్రికి పోదాం. డాక్టరుకు నేనే చెప్తా, మగ్గం నేస్తాదని."

ఆ పూట మగ్గం మళ్ళీ కదల్లేదు. గోడకు ఆనుకున్న చౌడేశ్వరి, కాఫీ గ్లాసులు కడగాలనుకుంటూనే నిద్రపోయింది. వాటిని జానకిరామన్ చప్పుడు కాకుండా పెరట్లోకి తీసుకెళ్ళాడు.